ఒక్క గడి నిండితే

పోయిన ఎండాకాలం చేర్యాల పద్ధతిలో, బొమ్మలతో కథ చెప్పే పటం ఒకటి గీద్దామని కూర్చున్నాను. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూత పెట్టడం, ఆరబెట్టడం, మళ్లీ పెట్టడం... ఇక్కడిదాకా హుషారుగానే సాగింది. హన్మకొండలో మా ఇంటి గోడకు ఆ ఆరడుగుల తెల్లటి గుడ్డ తగిలించాక మాత్రం చెయ్యి ఆడలేదు. రోజూ దాని ముందు నిలబడడం, టెన్షన్ పడడం, తడవని బ్రష్‌ను మళ్లీ డబ్బాలో పెట్టేయడం. ఇరవై రోజుల తర్వాత గుడ్డను చుట్టి బీరువా మీద పడేశాను.

నాకు పూత నేర్పిన పెద్దాయన సంగతంతా విని అన్నాడు: "గంత గుడ్డ ఒక్కపారే ఎందుకు చూస్తున్నవ్ బిడ్డా? ముందుగాల గీ గడి చూడు."

చేర్యాల పటం అమరికే అది. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, ఒకప్పుడు మా వరంగల్ జిల్లాలోదే. అక్కడి నకాశీ కళాకారులు పదుల అడుగుల పొడవున గీసే పటాన్ని అడ్డంగా గడులు గడులుగా విడదీస్తారు. గడికీ గడికీ మధ్య పూల అంచు వస్తుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారి లాంటి వాళ్లు ఒక్కో గడీ చూపిస్తూ కథ నడుపుతారు. గడి ఉన్నది కథ చెప్పేవాళ్ల కోసమే అనుకునేవాణ్ని. గీసేవాళ్లకూ అదే ఊపిరి అని నాకు ఆ రోజే తట్టింది.

1981లో ఆల్బర్ట్ బండూరా, డేల్ షంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అచ్చంగా ఈ సంగతినే పిల్లల మీద పరీక్షించి చూశారు. తీసివేతలు రాని, లెక్కలంటేనే ఇష్టం లేని పిల్లలకు 42 పేజీల లెక్కలిచ్చారు. వాటికి ఏడు రోజులు. కొందరికి "పూటకు 6 పేజీలు చెయ్యండి" అని చెప్పారు. కొందరికి "చివరికల్లా 42 పేజీలూ అయిపోవాలి" అన్నారు. ఇంకొందరికి ఏమీ చెప్పలేదు. ఆరును ఏడుతో గుణిస్తే నలభై రెండే కదా, పనిలో తేడా ఏమీ లేదు. అయినా ఆరేసి పేజీల పిల్లలు అందరికంటే బాగా నేర్చుకున్నారు. దూరపు లక్ష్యం పెట్టుకున్నవాళ్లకు దానివల్ల ఒరిగిందేమీ కనబడలేదు.

నన్ను కదిలించింది మార్కుల సంగతి కాదు. ఆ మొదటి జట్టు పిల్లలకు లెక్కల మీద ఇష్టం పుట్టింది. ఎవరూ చెప్పకపోయినా తమంతట తాము తీసివేతలు చేసుకున్నారు. ఇష్టముంటేనే పని సాగుతుందని మనం అంటుంటాం. అక్కడ ముందు పని కొంచెం సాగింది, ఇష్టం దాని వెనక వచ్చింది.

మెదడులో ఏం జరుగుతుందో చెప్పడానికి నాడీ శాస్త్రవేత్త వుల్ఫ్రామ్ షుల్ట్జ్ ప్రయోగాలు కొంత దారి చూపిస్తాయి. ఆయన కోతులకు పండ్లరసం చుక్క ఇస్తూ, మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాల స్పందనను కొలిచాడు. అనుకోకుండా చుక్క దొరికితే కణాలు చురుగ్గా స్పందించాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతికి అలవాటయ్యాక, స్పందన దీపం దగ్గరికి జరిగింది. రసం వచ్చినప్పుడు కణాల్లో కొత్త కదలికే లేదు. వస్తుందనుకున్న రసం రాకపోతే వాటి చురుకు మామూలు కంటే పడిపోయింది. అంటే ఆ కణాలు లెక్కగట్టేది రసాన్ని కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాను. డోపమైన్‌ను ఉత్త "ఆనంద రసాయనం" అనడం అందుకే సరికాదు. అది మెదడుకు పాఠం చెప్పే సంకేతం.

కోతి నాలుక మీది చుక్కకూ నా బ్రష్ గీతకూ నేరుగా ముడి పెట్టడం తొందరపాటే. కానీ ఆరడుగుల గుడ్డ ముందు నిలబడి "అద్భుతంగా రావాలి" అనుకున్నప్పుడు, నేను గీసే ఏ గీతా ఆ అంచనాను దాటలేదు. ప్రతి గీతా లోటుగానే తేలుతుంది. జానెడు గడిలో "ఈ పూట ఎద్దు కొమ్ములు వస్తే చాలు" అనుకుంటే, కొమ్ములతో పాటు కన్ను కూడా కుదిరినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది.

ఉద్యోగుల పని తీరు మీద పరిశోధన చేసిన తెరెసా అమాబిలే బృందం 238 మంది ఉద్యోగులతో దాదాపు 12,000 దినచర్యలు రాయించి చూసింది. మంచి రోజు అనిపించిన రోజుల్లో ఎక్కువగా కనిపించింది పని కొద్దిగానైనా ముందుకు కదలడమే. మెప్పు, ప్రోత్సాహం దాని తర్వాతే. పని వెనక్కిపోయిన రోజు దెబ్బ మాత్రం ముందుకు కదిలిన రోజు సంతోషం కంటే గట్టిగా తగులుతుందట. అందుకే గడి చిన్నదిగా ఉండడం ఎంత ముఖ్యమో, దానికి అంచు ఉండడం కూడా అంతే ముఖ్యమని నా నమ్మకం. మూడో గడిలో మొహం చెడిపోయిన రోజు, పైన రెండు గడులు పూల అంచుల మధ్య భద్రంగా కనబడ్డాయి. చెడింది ఆ ఒక్క మొహమే.

ఆ మొహం మీద మళ్లీ తెల్లపూత వేశాను. అది ఆరేలోగా నాలుగో గడికి వెనక ఎరుపు నింపడం మొదలుపెట్టాను. మూల దాకా రావడానికి ఇంకా నాలుగు వేళ్ల జాగా ఉంది.