పడవ కొనడం చివరి పని: విశాఖలో సెయిలింగ్ మీద అపోహలు, వాస్తవాలు

విశాఖలో సెయిలింగ్ నేర్పేవాళ్లకి తరచూ వచ్చే ఫోన్ ఒకటుంది. "సార్, ఒక సెయిల్‌బోట్ అమ్మకానికి వచ్చింది, ఫోటోలు పంపాను, కొనేయమంటారా?" అడిగేవాళ్లలో చాలామంది అప్పటికి ఒక్కసారైనా తెరచాప తాడు చేత్తో పట్టుకుని ఉండరు. వాళ్ల ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది, అందుకే ఉన్నమాట ముందే చెప్పేస్తాను. ఈ దారిలో పడవ కొనడం చివరి పని. ముందు గాలిని చదవడం రావాలి, తర్వాత పడవ ఎక్కడ పెడతామో తేలాలి. ఆ రెండూ తేలితే ఏ పడవ కొనాలో పెద్దగా ఆలోచించక్కర్లేదు.

అపోహ: గాలి ఎటు వీస్తే తెరచాప పడవ అటే పోతుంది

కొత్తవాళ్ల భయమంతా ఇక్కడే ఉంటుంది. "వెళ్లడం సరే సార్, గాలి ఎదురొస్తే తిరిగి ఒడ్డుకి ఎలా వస్తాం?"

గాలికి నేరుగా ఎదురు ఏ తెరచాప పడవా పోలేదు, ఆ మాట నిజమే. గాలి వచ్చే దిక్కుకి అటొక 45 డిగ్రీలు, ఇటొక 45 డిగ్రీలు, సుమారుగా అంతమేర పడవకి దారి లేదు. అందులోకి ముక్కు తిప్పితే సెయిల్, అంటే తెరచాప, టపటపా కొట్టుకుని పడవ నిలబడిపోతుంది. కానీ ఆ హద్దు అంచునే పట్టుకుని పోవచ్చు. వంపు తిరిగిన సెయిల్ మీదుగా గాలి పారినప్పుడు విమానం రెక్కకి పుట్టే బలంలాంటిదే పుడుతుంది. అందులో ఎక్కువ భాగం పడవని పక్కకి తోస్తుంది, కొంత ముందుకి లాగుతుంది. పడవ అడుగున నీళ్లలోకి దించిన పలక, అంటే డాగర్‌బోర్డు, పక్కకి పోనివ్వదు. తడి చింతపిక్కని రెండు వేళ్ల మధ్య నొక్కితే చటుక్కున ముందుకి జారుతుంది చూడండి, పడవ చేసేదీ అదే. అలా కాసేపు కుడి వాలుగా, కాసేపు ఎడమ వాలుగా వంకర్లు కొట్టుకుంటూ గాలికి ఎదురెక్కుతాం. ఈ మలుపు తిప్పడాన్నే ట్యాకింగ్ అంటాం.

డాగర్‌బోర్డు సగమే దించి మిగతాది మరిచిపోతే పడవ ముందుకి పోతున్నట్టే అనిపిస్తుంది, నిజానికి పక్కకి కొట్టుకుపోతుంటుంది. కనిపెట్టడానికి ఒక సులువుంది. ఒడ్డున ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు ఎంచుకోండి: బీచ్‌రోడ్డు మీద ఒక దీపస్తంభం, దాని వెనక దూరంగా ఒక మేడ. ముక్కు వాటి మీదే ఉన్నా ఆ రెండూ ఒకదాన్నుంచి ఒకటి విడిపోతుంటే మీరు పక్కకి జారుతున్నట్టే. గాలివల్లో, పలకవల్లో, నీటి ప్రవాహంవల్లో అప్పుడు వెతుక్కోవాలి. మన తీరం వెంట ప్రవాహం ఏడాది పొడుగునా ఒకేవైపు ఉండదు: ఫిబ్రవరి నుంచి మే దాకా మొత్తం మీద ఉత్తరం దిక్కుగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణం దిక్కుగా సాగుతుంది.

అందరూ భయపడేది ఎదురుగాలికి. నేను జాగ్రత్త చెప్పేది గాలివాలు ప్రయాణం గురించి. గాలితోపాటే పోతున్నప్పుడు మొహానికి గాలి తగలదు, హాయిగా ఉంటుంది, అది పెరుగుతున్న సంగతి తెలియదు. వెనక్కి తిరగ్గానే ఒక్కసారిగా తెలుస్తుంది. పైగా గాలివాలులో సెయిల్ ఒక పక్కనుంచి ఇంకో పక్కకి మారేటప్పుడు దాని అడుగంచున ఉండే అడ్డగడ, అంటే బూమ్, తల ఎత్తులో విసురుగా వచ్చేస్తుంది. అందుకే మొదటి పాఠాల్లో నేను ఎక్కువసార్లు అనే మాట "తల వంచు".

అపోహ: సముద్రం నిశ్చలంగా ఉన్న రోజే మంచి రోజు

చలికాలం పొద్దున్నే బీచ్‌కి వచ్చి చూస్తే ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి. కొత్తవాళ్లకి అది ఆహ్వానంలా కనిపిస్తుంది. ఆ వేళ గాలి నేల మీదనుంచి సముద్రం వైపు వీస్తుంటుంది కాబట్టే ఒడ్డున కెరటం అణిగి ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ గాలి బలపడుతుంది, అల లేస్తుంది, ఏ తేడా వచ్చినా పడవ కొట్టుకుపోయేది బంగాళాఖాతంలోకే. మధ్యాహ్నం సముద్రం మీదనుంచి వచ్చే గాలి నీళ్లని కలియబెడుతుంది గానీ, పొరపాటు జరిగితే ఒడ్డుకే తోస్తుంది. నేర్చుకునేవాళ్లకి నేల గాలి ఉన్నప్పుడు వెంట రక్షక బోటు లేకుండా అనుమతించకూడదని నా గట్టి అభిప్రాయం.

గాలి లెక్క ఒకటి మనసులో పెట్టుకోవాలి. వేగం రెట్టింపైతే సెయిల్ మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. 8 నాట్ల గాలిలో, అంటే గంటకి సుమారు 15 కిలోమీటర్లు, ఆడుతూ పాడుతూ నడిపినవాళ్లకి 16 నాట్లలో అదే పడవ వేరే పడవ అయిపోతుంది. పరికరం అక్కర్లేకుండా చెప్పే గుర్తు: నీటి మీద అక్కడొకటి ఇక్కడొకటిగా తెల్ల నురగ కనిపిస్తే 10 నాట్లకి దగ్గరపడింది. ఎటు చూసినా నురగ తలలే ఉంటే కొత్తవాళ్లు ఒడ్డునే ఉండాలి.

ఫోన్‌లో యాప్ చూడండి, తప్పులేదు. కానీ ఏప్రిల్, మే సాయంత్రాల్లో పడమట మేఘం కమ్మి, గాలి ఒక్కసారి ఆగిపోయి, చల్లటి ఈదురు తగిలిందంటే యాప్ ఏం చెప్పినా సెయిల్ దించేయాలి. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి సూచన, మన ఊళ్లోనే ఉన్న తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ చూడటం అలవాటు చేసుకోవాలి. కోస్ట్‌గార్డ్ అత్యవసర నంబరు 1554 ఫోన్‌లో ఉండాలి, ఆ ఫోన్ నీళ్లు చొరని సంచిలో మీ ఒంటి మీద ఉండాలి.

ఇంకో స్థానిక సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. అది చేపల సంతతి కోసం పెట్టింది, సెయిలింగ్‌కి సంబంధం లేదు. కానీ ఆ 61 రోజులూ సముద్రం మీద మిమ్మల్ని చూసే కళ్లు బాగా తగ్గిపోతాయి. ఒంటరిగా పోకండి.

అపోహ: పెద్ద పడవైతే భద్రం, హాయిగా నేర్చుకోవచ్చు

పెద్ద పడవ అడుగున కీల్ అనే బరువైన భాగం ఉంటుంది, సులువుగా బోల్తా పడదు. అందుకే అది మీ తప్పుల్ని కప్పిపుచ్చుతుంది. తాడు ఎక్కువ బిగించినా, చుక్కాని అడ్డదిడ్డంగా తిప్పినా కాస్త వాలి ఊరుకుంటుంది. డింగీ, అంటే కీల్ లేని చిన్న తెరచాప పడవ, అలా ఊరుకోదు, తప్పు చేసిన క్షణమే చెప్పేస్తుంది. ప్రపంచమంతా పిల్లలకి ఆప్టిమిస్ట్ మీద నేర్పేది అందుకే: 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ గీసిన పడవ, 2.36 మీటర్ల పొడవు, 35 కిలోల హల్ (పడవ ఒళ్లు). పెద్దవాళ్లకి ఐఎల్‌సీఏ, అంటే పాత పేరు లేజర్. 4.2 మీటర్ల పొడవు, సుమారు 59 కిలోలు, ఇద్దరు పట్టుకుంటే ఇసుకలో మోయొచ్చు. అదే హల్‌కి మూడు సైజుల సెయిల్స్ ఉన్నాయి: 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లు. మీ బరువుకీ, ఆ రోజు గాలికీ తగ్గది కట్టుకోవచ్చు. ఇద్దరు కలిసి నేర్చుకోవాలంటే మన దేశంలో ఎప్పటినుంచో నడుస్తున్న ఎంటర్‌ప్రైజ్ అనే ఇద్దరి డింగీ ఉంది.

విశాఖలో చిన్న పడవకి ఇంకా పెద్ద కారణం తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోరు. హెచ్చరిక రాగానే డింగీని ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకుని, మాస్ట్ (తెరచాప కొయ్య) దించి, బోర్లించి, నేలలో దిగ్గొట్టిన మేకులకి కట్టేయొచ్చు. నీళ్లలో కట్టి ఉంచే యాట్‌కి ఆ వీలు లేదు. లోపలి హార్బర్ ఓడలది, నేవీది. ఫిషింగ్ హార్బర్ వేట మీద బతికేవాళ్లది, అక్కడ బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. 2023 నవంబరులో రాత్రిపూట అక్కడ మంటలు రేగితే పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. సొంత సరదా కోసం ఆ రద్దీలో చోటడగడం నాకు న్యాయం అనిపించదు.

అపోహ: ఇంత పొడవు బీచ్ ఉంది, ఎక్కడైనా దింపొచ్చు

ఆర్కే బీచ్‌లో కెరటం విరిగే తీరు చూస్తే ఈ మాట అనరు. ఒడ్డున విరిగే కెరటంలోంచి డింగీని దాటించడం, తిరిగి తేవడం సెయిలింగ్‌లో కష్టమైన పనుల్లో ఒకటి. అది నేర్చుకోవాల్సిందే, కానీ మొదట్లో కాదు. లోపలికి లాగే ప్రవాహాలు ఆర్కే బీచ్‌లోనూ రుషికొండలోనూ ప్రాణాలు తీశాయి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు బయటనుంచి చూస్తే అనువుగా ఉంటుంది గానీ, నదీముఖంలో ఇసుక మేట జాగా మారుతుంటుంది, నీటి లాగుడు పోటుకొకలా పాటుకొకలా ఉంటుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఓడల దారి, నేవీ పరిధి అయితే మనకి పూర్తిగా నిషిద్ధం. ఎక్కడినుంచి దింపాలన్నా ముందు మెరైన్ పోలీసుల్ని కలిసి, అనుమతి కాగితం మీద తీసుకోండి.

అధికారుల తర్వాత అడగాల్సింది ఆ ఒడ్డున వేటకెళ్లేవాళ్లని. జాలారిపేటలో పడవ మీద జీవితం గడిపిన పెద్దాయన పక్కన కూర్చుని "బాబాయ్, ఇక్కడ కెరటం ముందు ఎక్కడ విరుగుతాది?" అని అడిగితే వచ్చే జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు. వాళ్ల వలల మీదనుంచి మాత్రం ఎప్పుడూ పోకండి. తేలే గుర్తులు కనబడితే చుట్టు తిరిగి పోవడమే మర్యాద.

మొదటి పాఠాలకి అలలు లేని నీళ్లు మేలు. వీలున్నవాళ్లు హైదరాబాద్ వెళ్లి హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకుని రావడం మంచిదే. అక్కడి క్లబ్బుల్లో పడవలు వాళ్లవే, రక్షక బోటు వాళ్లదే. పాతిక వేలో యాభై వేలో పెట్టి తెలియని పడవ కొనేకంటే ముందు ఆ నేర్పుకి ఖర్చు పెట్టడం నయం.

అపోహ: బోల్తా పడితే ప్రాణం మీదికే

డింగీ బోల్తా పడుతుంది. పడేలా చేసి, లేపడం నేర్పడమే నా దగ్గర మొదటి పాఠాల్లో ఒకటి. చేయాల్సింది వరసగా ఇది: సెయిల్‌ని బిగించే మెయిన్‌షీట్ తాడు వదిలేయాలి, లేకపోతే లేచిన పడవ గాలి పట్టి మళ్లీ పడుతుంది. పడవ ముక్కు గాలికేసి ఉండేలా చూసుకోవాలి. అడుగు వైపు ఈదుకెళ్లి డాగర్‌బోర్డు మీద, హల్‌కి దగ్గరగా, నిలబడి అంచు పట్టుకుని వెనక్కి వాలాలి. తొందరపడి గుంజకూడదు, సెయిల్ మీది నీళ్లు జారడానికి కాసేపు పడుతుంది. మాస్ట్ నీటిమీదనుంచి లేవగానే మిగతాది చకచకా అయిపోతుంది.

లేపలేకపోయినా పడవని వదిలి ఒడ్డుకి ఈదొద్దు. దూరంనుంచి మనిషి తల కనబడదు, తెల్లటి హల్ కనబడుతుంది.

ఈత వచ్చినవాళ్లకి లైఫ్ జాకెట్ ఎందుకన్న మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. బూమ్ తలకి తగిలి స్పృహ తప్పినవాడికి ఈత ఉపయోగపడదు. ఈత రావాలి, జాకెట్ కూడా ఉండాలి. ఈత రాని పెద్దవాళ్లు ముందు కొలనులో నేర్చుకుని రండి, ఎదురుచూస్తాం.

అపోహ: ఇది నేవీవాళ్లకీ, మగపిల్లలకీ, డబ్బున్నవాళ్లకే

2017 సెప్టెంబరు 10న గోవానుంచి బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చిన నేవీ తెరచాప పడవ తారిణిలో ఆరుగురూ మహిళలే. 17 మీటర్ల ఆ పడవ మీద భూగోళం చుట్టొచ్చినవాళ్లలో పాతర్లపల్లి స్వాతి మన విశాఖ అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. వాళ్లు నేవీ అధికారులే, నిజం. కానీ తాడు లాగేటప్పుడు ఆడా మగా తేడా ఉండదని నా దగ్గరికొచ్చే ఆడపిల్లలు రోజూ చూపిస్తున్నారు. డబ్బు సంగతికొస్తే, క్లబ్బు పడవ మీద నేర్చుకుంటే సంగీతం ట్యూషన్‌కి పెట్టేదానికి మరీ మించి పోదు. ఖర్చు మొదలయ్యేది సొంత పడవతోనే.

అపోహ: పాత పడవ చవగ్గా దొరికితే వదలకూడదు

ఇన్నీ అయ్యాక, గాలి అర్థమయ్యాక, చోటు దొరికాక, అప్పుడు కొనండి. పాతదే కొనండి, తప్పులేదు. కానీ ఫోటోలు చూసి కాదు.

వేలి కణుపుతో హల్ అంతా తట్టుకుంటూ రండి. ఫైబర్ బాగుంటే టక్ టక్‌మని గట్టిగా పలుకుతుంది. ఒకచోట మొద్దుగా, మెత్తగా పలికితే లోపల పొరలు విడిపోయాయని గానీ నీళ్లు చేరాయని గానీ అర్థం. డెక్ మీద నిలబడి బరువు వేస్తే కిందికి కుంగకూడదు. లేజర్ అయితే మాస్ట్ దిగే గుంట నిండా నీళ్లు పోసి కాసేపు చూడండి. నీటిమట్టం దిగిందంటే గుంట అడుగు పగిలింది, ఆ నీరు హల్‌లోకే పోతోంది. డాగర్‌బోర్డు గూటి మూలల్లో సన్నటి పగుళ్లుంటే టార్చి వేసి వెతకండి. చుక్కాని బిగించే కీళ్లు చేత్తో ఊపండి, కదిలితే వెనక చెక్క కుళ్లి ఉండొచ్చు. మన ఉప్పు గాలికి స్టీలు తుప్పు పట్టదన్న నమ్మకం పెట్టుకోవద్దు, మాస్ట్‌ని నిలబెట్టే వైర్ల చివర బిగింపుల దగ్గర గోధుమరంగు చార చూశారంటే వైరు మార్చాల్సిందే.

సెయిల్‌ని చేత్తో నలపండి. మంచి సెయిల్ కరకరమంటుంది. ఎండకి పాలిస్టర్ చచ్చిపోతే ఆ చప్పుడు పోయి మెత్తబడుతుంది, కుట్లు గోటితో గీకితే దారం పొడిలా రాలుతుంది. కొత్త సెయిల్ ధర అప్పుడే కనుక్కుని పడవ ధరకి కలపండి. ట్రైలర్, కవరు, తాళ్లు, జాకెట్లు, ఏడాదికోసారి మరమ్మతు కూడా కలపండి. చాలాసార్లు చవక పడవ అక్కడే ఖరీదైపోతుంది.

ఇంటికి తెచ్చేటప్పుడు మాస్ట్ నిలబెట్టి దారిలో నడిపించకండి. అల్యూమినియం మాస్ట్ పైన కరెంటు తీగకి తగిలితే పట్టుకున్నవాళ్లు బతకరు. నీళ్ల దగ్గరికెళ్లాకే, తల పైకెత్తి చూసుకున్నాకే ఎత్తాలి.

డబ్బు చేతులు మారకముందు ఒక్కటి అడగండి: తెలిసినవాళ్లని వెంటబెట్టుకుని ఆ పడవని ఒక మధ్యాహ్నం నీళ్ల మీద నడిపించి చూస్తాం అని. తిరిగొచ్చి ఒడ్డెక్కించాక హల్ వెనకనున్న బిరడా తీసి, లోపలినుంచి ఎన్ని నీళ్లు కారాయో చూడండి. గ్లాసెడైతే బేరమాడొచ్చు. బకెట్టంత వస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. నడపనివ్వను, కావాలంటే ఇలాగే తీసుకోండి అని అమ్మేవాళ్లంటే, అప్పుడూ వచ్చేయండి.