సైబర్‌పంక్ మగపిల్లల సాహిత్యమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను కడపలో డిగ్రీ విద్యార్థినులకు ఇంగ్లీషు సాహిత్యం చెబుతాను. సైన్స్ ఫిక్షన్, అందులోనూ సైబర్‌పంక్ (కంప్యూటర్లూ కంపెనీలూ ఏలే రేపటి లోకపు కథలు), చాలా ఏళ్లుగా నేను ఇష్టంగా చదువుతూ, పాఠంగా చెబుతూ వస్తున్న విషయం. తరగతిలోనూ సాహిత్య సభల్లోనూ దీని గురించి కొన్ని మాటలు పదేపదే వినిపిస్తుంటాయి. ఎక్కువ భాగం సినిమాలు చూసి ఏర్పరచుకున్న అభిప్రాయాలే. కానీ ఇది మగపిల్లల సాహిత్యమన్న మాట విన్నప్పుడు మాత్రం నాకు నిజంగా బాధ కలుగుతుంది. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: సైబర్‌పంక్ అంటే నియాన్ దీపాలు, ఎడతెగని వాన, నల్లకళ్లద్దాలు.

వాస్తవం: అవి 1982లో వచ్చిన 'బ్లేడ్ రన్నర్' లాంటి సినిమాలు మన కళ్లకు అలవాటు చేసిన అలంకారాలు. వాటిని తీసేస్తే మిగిలేది ఒక ప్రశ్న: యంత్రం ఎవరిది, దానికి తగిలించిన ఒళ్లు ఎవరిది, వచ్చే లాభం ఎవరిది? ఈ కథల్లో సాంకేతికత ఆకాశాన్ని అంటుతుంది, మామూలు మనిషి బతుకు మాత్రం వీధిలోనే తెల్లారుతుంది. ప్రభుత్వాలు పేరుకే ఉంటాయి, పెత్తనమంతా కంపెనీలది.

2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. అందులో వాన లేదు, ఎండి దుమ్ముపట్టిన కాశీ ఉంది. పైన తలకిందుల పిరమిడ్ లాంటి కాంప్లెక్స్‌లో నీళ్లూ పచ్చదనమూ ఉన్నాయి. గర్భం దాల్చగల ఆడపిల్లలను అక్కడికి చేర్చి, వాళ్ల కడుపులోంచి ఒక ద్రవం తీస్తారు. పురాణం సంగతి పక్కన పెడితే, ఆ ప్రయోగశాల భాగం అచ్చమైన సైబర్‌పంక్. యుద్ధాల గురించి మాట్లాడుకున్నంతగా మనం ఆ భాగం గురించి మాట్లాడుకోలేదని నా అభిప్రాయం.

అపోహ: ఈ రచయితలు కంప్యూటర్ నిపుణులు. అందుకే భవిష్యత్తును ముందే చెప్పగలిగారు.

వాస్తవం: సైబర్‌పంక్‌కు పేరు తెచ్చిన 'న్యూరోమాన్సర్' నవలను విలియం గిబ్సన్ టైపు మిషను మీద రాశారు. అప్పటికి ఆయనకు కంప్యూటర్లతో పరిచయం అంతంతమాత్రమే. 1984లో వచ్చిన ఆ నవలలో సెల్‌ఫోన్లు కనిపించవు. కథానాయకుడు ఇస్తాంబుల్‌లోని ఒక హోటల్లో వరుసగా ఉన్న పబ్లిక్ ఫోన్ల పక్కనుంచి నడిచిపోతుంటే, అతను దాటుతున్నప్పుడు ఒక్కొక్క ఫోనూ ఒక్కసారి మోగి ఆగిపోతుంది. కృత్రిమ మేధ అతన్ని పిలిచే తీరు అది. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. జోస్యంగా చూస్తే మాత్రం అది తప్పిన లెక్క.

అసలు ప్రభావం జోస్యం వల్ల రాలేదు. సాంకేతిక రంగంలో పనిచేసే ఎంతోమంది ఈ పుస్తకాలు చదివారు, వాటిలో చూసినదాన్ని కట్టాలనుకున్నారు. నీల్ స్టీఫెన్‌సన్ 1992లో రాసిన 'స్నో క్రాష్'లో అమెరికా ప్రభుత్వం చితికిపోయి, ఊళ్లను కంపెనీలు పంచుకుంటాయి. కథానాయకుడు సామాన్లు దాచుకునే గోదాము గదిలో కాపురముంటూ, కళ్లకు అద్దాలు తగిలించుకుని మెటావర్స్ అనే లోకంలోకి వెళ్తుంటాడు. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ తన పేరును మెటాగా మార్చుకుని, ఇక అలాంటి లోకాన్ని నిర్మిస్తామని ప్రకటించింది. కథలోని గోదాము గదిని వదిలేసి అద్దాలను మాత్రం తీసుకున్నారు. ఈ సాహిత్యం ప్రపంచం మీద చూపిన ప్రభావంలో నాకు అన్నిటికంటే విచారం కలిగించేది ఇదే.

అపోహ: ఇవి చదివితే పిల్లలు హ్యాకర్లవుతారు.

వాస్తవం: ఈ భయం కొత్తది కాదు. 1990 మార్చి 1న అమెరికాలోని ఆస్టిన్‌లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే ఆటల ప్రచురణ సంస్థ మీద అక్కడి ప్రభుత్వ సంస్థ సీక్రెట్ సర్వీస్ దాడి చేసి కంప్యూటర్లు పట్టుకుపోయింది. ఆ సంస్థ అప్పుడు సైబర్‌పంక్ ఆటల పుస్తకం ఒకటి అచ్చుకు సిద్ధం చేస్తోంది. దాని రాతప్రతి కూడా వాళ్లతోపాటే పోయింది. 1993లో కోర్టు ప్రచురణకర్త పక్షానే తీర్పు చెప్పింది. ఊహను నేరంగా చూస్తే ఏం జరుగుతుందో తల్లిదండ్రులకు చెప్పడానికి నేను ఈ ఉదాహరణ వాడుతుంటాను.

అపోహ: ఇది మగవాళ్లు మగపిల్లల కోసం రాసిన సాహిత్యం.

వాస్తవం: 'న్యూరోమాన్సర్' కంటే పదకొండేళ్ల ముందు, 1973లో, జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ పేరుతో 'ది గర్ల్ హూ వాజ్ ప్లగ్డ్ ఇన్' అనే పెద్ద కథ వచ్చింది. అందులోని లోకంలో వ్యాపార ప్రకటనల మీద నిషేధం ఉంది. సరుకు అమ్ముడుపోవాలంటే, జనం ఆరాధించే మనుషులు దాన్ని వాడుతూ కనిపించాలి. అందుకోసం కంపెనీ డెల్ఫీ అనే చక్కని శరీరాన్ని తయారు చేయిస్తుంది. ఆ శరీరానికి సొంత ఆలోచన లేదు. దూరం నుంచి దాన్ని నడిపేది పి. బర్క్ అనే అమ్మాయి. వికారంగా ఉందని లోకం తోసేసిన పిల్ల, చావబోయి బతికిన పిల్ల. ఆమె ఎవరికీ కనిపించకుండా ఒక గదిలో తీగల మధ్య ఉంటుంది. డెల్ఫీ నవ్వితే ఆ నవ్వు బర్క్‌ది. జనం ప్రేమించేది మాత్రం డెల్ఫీని.

ఈ కథ చెప్పిన రోజు తరగతిలో ఎవరినీ బతిమాలి మాట్లాడించాల్సిన అవసరం రాదు. రీల్స్‌లో చీరలు, క్రీములు చూపించే అమ్మాయిల మీదికి చర్చ దానంతట అదే వెళ్తుంది. ఒకసారి వెనక వరుసలోని విద్యార్థిని లేచి, "మేడమ్, డెల్ఫీ సంపాదించిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది?" అని అడిగింది. సైబర్‌పంక్ మీద ఇంతకంటే మంచి ప్రశ్నను నేను ఏ విమర్శ గ్రంథంలోనూ చదవలేదు.

ఆ కథకు 1974లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది. టిప్‌ట్రీ పురుషుడేనని పాఠకులు నమ్మారు. శైలిని బట్టి మగవాడే అని తేల్చి రాసిన ప్రముఖులూ ఉన్నారు. కలంపేరు వెనక ఉన్నది ఆలిస్ షెల్డన్ అనే మహిళ అని తర్వాత బయటపడింది.

మరి ఈ అపోహ ఎలా పుట్టింది? 1986లో బ్రూస్ స్టెర్లింగ్ సంపాదకత్వంలో వచ్చిన 'మిర్రర్‌షేడ్స్' కథా సంకలనమే ఈ ఉద్యమానికి ముఖచిత్రమైంది. అందులో ఉన్న ఏకైక రచయిత్రి పాట్ కాడిగన్. సంకలనంలో లేనివారిని లోకం లెక్కలోకి తీసుకోలేదు. కాడిగన్ తర్వాత 'సిన్నర్స్' (1991) సహా రెండు నవలలకు ఆర్థర్ సి. క్లార్క్ పురస్కారం అందుకున్నారు. 1991లోనే మరో రచయిత్రి మార్జ్ పియర్సీ 'హీ, షీ అండ్ ఇట్' నవల రాశారు.

'న్యూరోమాన్సర్'లోని మాలీ గురించి కూడా చెప్పాలి. గోళ్ల కింద కత్తులున్న యోధురాలు. సినిమాలు, వీడియో గేములు ఆ కత్తులనే అరువు తెచ్చుకున్నాయి. వాటికి డబ్బు ఎక్కడిదో చాలామంది గమనించకుండా దాటేస్తారు. మాలీ తన స్పృహను ఆపే పరికరం తలలో పెట్టించుకుని ఒళ్లు అద్దెకిచ్చింది. పని అయ్యాక మేలుకుంటుంది, ఏదీ గుర్తుండదు, అదీ ఒప్పందం. కానీ జ్ఞాపకాలు కలల్లోకి కారడం మొదలైంది. యజమాని తన ఒళ్లును హింసించి ఆనందించేవాళ్లకు అమ్ముతున్నాడని ఆమెకు తెలిసింది. ఇంత పెద్ద విషయాన్ని గిబ్సన్ కొద్దిపాటి సంభాషణలో ముగించేశారు. ఆ నవల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు అదే. నవల మొత్తం మాలీ కళ్లతో చెప్పి ఉంటే ఎలా ఉండేదో రాయమని మా పిల్లలకు పని ఇస్తుంటాను.

అపోహ: సైబర్ ఫెమినిజం అంటే ఆడవాళ్లు కంప్యూటర్ నేర్చుకోవడం.

వాస్తవం: సాంకేతికతను స్త్రీల వైపు నుంచి ప్రశ్నించే ఆలోచన ఇది. 1985లో అమెరికా పండితురాలు డోనా హారవే సైబోర్గ్ గురించి రాసిన వ్యాసం దీనికి పునాది. ఆడదంటే ఇలాగే ఉండాలన్న నియమం ప్రకృతి పెట్టింది కాదని, మనిషీ యంత్రమూ కలగలిసిన రూపాన్ని ముందు పెట్టి ఆమె వాదించారు. ఆ వ్యాసం నుంచి సైబోర్గ్‌ను మాత్రమే గుర్తుంచుకున్నాం. ఆగ్నేయాసియా ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రానిక్ భాగాలు అతికే స్త్రీల గురించి కూడా ఆమె అందులోనే రాశారు. మా కడప పక్కన కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ తయారీ కేంద్రం వచ్చింది. అక్కడ సీసీ కెమెరాలు తయారవుతున్నాయి. డిగ్రీ అయ్యాక అలాంటి పనుల్లో చేరే మా అమ్మాయిలకు హారవే దూరపు మనిషి కాదు. కెమెరాను బిగించే చేతులు, ఆ కెమెరా కంటికింద పనిచేసే చేతులు ఒకే మనిషివి కావచ్చు.

1991లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో వీఎన్ఎస్ మ్యాట్రిక్స్ అనే నలుగురు మహిళా కళాకారుల బృందం సైబర్ ఫెమినిస్టు ప్రకటన విడుదల చేసింది. 1997లో జర్మనీలోని కాసెల్‌లో తొలి అంతర్జాతీయ సమావేశం జరిగింది. ఆ రోజుల్లో ఒక ఆశ బలంగా ఉండేది: నెట్‌లో ఒళ్లు కనిపించదు కాబట్టి ఆడా మగా తేడా కరిగిపోతుందని. ఆ ఆశ నిలవలేదు. అప్పు ఇచ్చిన యాప్‌లు ఫోనులోని ఫొటోలను మార్ఫింగ్ చేసి బంధువులందరికీ పంపి ఆడవాళ్లను ఎలా వేధించాయో మన రాష్ట్రంలో అందరికీ తెలుసు. నెట్‌లోకి ఒళ్లూ వచ్చింది, దాని వెంటే పరువు అనే పాత కత్తీ వచ్చింది.

అపోహ: మన ప్రాంతానికీ దీనికీ సంబంధం లేదు.

వాస్తవం: నాపరాయి పనిలో వేలి గీతలు అరిగిపోయిన అవ్వను రేషన్ దుకాణం ముందు ఒక్కసారి గమనించండి. వేలు కొంగుకు తుడుచుకుని యంత్రం మీద పెడుతుంది. ఎర్రదీపం. "ఇంకో వేలు పెట్టవ్వా" అంటారు. ఇంకోటి, మళ్లీ ఇంకోటి. ఊరంతా ఎరిగిన మనిషిని యంత్రం ఎరగదు. ఈ సాహిత్యం పుట్టిందే ఇలాంటి క్షణాన్ని చూపించడానికి.

మూలాలు కూడా మనకు దూరం కాదు. 1905లో బెంగాల్ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. అందులో స్త్రీలు నడిపే విశ్వవిద్యాలయాలు సూర్యుడి వేడిని పోగుచేస్తాయి, మేఘాల నుంచి నేరుగా నీళ్లు తీసుకుంటాయి. వానకు మొహం వాచిన, ఉమ్మడి కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న రాయలసీమలో ఈ కథను ఎందుకు పాఠంగా పెట్టరో నాకు అర్థం కాదు. ఇది సైబర్‌పంక్ కాదు, నిజమే. కానీ యంత్రం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నను అంత ముందే, అంత ధైర్యంగా అడిగింది.

చదవాలనుకునేవారు టిప్‌ట్రీ కథతో మొదలుపెట్టండి, ఒక్క సాయంత్రం చాలు. ఆ తర్వాత కాడిగన్. 'న్యూరోమాన్సర్' మూడోదిగా పెట్టుకోండి. మొదటి యాభై పేజీలు సరిగా అర్థం కాకపోతే కంగారుపడకండి, గిబ్సన్ ఏదీ ఆగి వివరించరు. మాలీ మాట్లాడే చోట మాత్రం నెమ్మదిగా చదవండి.