మేడమ్ టుస్సాడ్స్: ఇంటిపేరు నిలిచింది, ఇంటివాళ్లు లేరు

2017లో ప్రభాస్ మైనపు బొమ్మ బ్యాంకాక్‌లోని మేడమ్ టుస్సాడ్స్ మైనపు బొమ్మల మ్యూజియంలో పెట్టారు. 2019 మార్చిలో మహేశ్ బాబు బొమ్మను సింగపూర్‌లో పెట్టే ముందు హైదరాబాద్ తీసుకొచ్చి ఏఎంబీ సినిమాస్‌లో చూపించారు. 2024లో అల్లు అర్జున్ బొమ్మ దుబాయ్‌లో వెలిసింది. ప్రతిసారీ మనం హీరో గురించే మాట్లాడుకుంటాం. బోర్డు మీద ఉన్న ఆ 'మేడమ్' ఎవరో కూడా తెలుసుకోవాలి. ఆమె కథ ఏ హీరో కథకూ తీసిపోదు.

ఆమె పేరు మేరీ. 1761లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టింది. మేరీ తల్లి ఒక డాక్టరు ఇంట్లో పనికి కుదిరింది. ఆయన పేరు కర్టియస్. శరీర భాగాలను మైనంతో చేయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. తర్వాత ప్రముఖుల ముఖాలు చేసి పారిస్‌లో ప్రదర్శనే పెట్టాడు. పనిమనిషి కూతురికి ఆ విద్య మొత్తం నేర్పాడు. ఫ్రెంచ్ విప్లవం రోజుల్లో నరికిన తలల నుంచి తనచేత అచ్చులు తీయించారని మేరీ తన జ్ఞాపకాల్లో చెప్పుకుంది. 1794లో కర్టియస్ చనిపోతూ బొమ్మలన్నీ ఆమెకే రాసిచ్చాడు.

మరుసటి ఏడాది ఫ్రాంస్వా టుస్సాడ్‌తో పెళ్లి. ఇద్దరు కొడుకులు. ఆ కాపురం సజావుగా సాగలేదు. 1802లో నాలుగేళ్ల పెద్దకొడుకును వెంటబెట్టుకుని, బొమ్మలతో లండన్ ఓడెక్కింది. భర్త, చిన్నకొడుకు పారిస్‌లోనే ఉండిపోయారు. భర్తను ఆమె మళ్లీ చూడనేలేదు. ప్రదర్శనల్లో వచ్చిన లాభంలో సగం వ్యాపార భాగస్వామికి ఇవ్వాలని ఒప్పందం. దాన్నుంచి బయటపడటానికే కొన్నేళ్లు పట్టింది.

1802 నుంచి 1835 దాకా, అంటే ముప్పై మూడేళ్లు, ఊరూరా తిరిగింది. మన సురభి నాటక కుటుంబాలు ఎలా తిరిగాయో గుర్తు చేసుకోండి. తలలు, చేతులు, బట్టలు విడివిడిగా సర్దడం, బండ్లకెక్కించడం, కొత్త ఊళ్లో హాలు అద్దెకు తీసుకుని మళ్లీ నిలబెట్టడం. మైనం ఎండ ఎక్కువైతే మెత్తబడుతుంది, కింద పడితే పగులుతుంది. ఆ టెన్షన్ మధ్యే పిల్లాడిని పెంచింది, పని నేర్పింది. కొన్నేళ్లకు చిన్నకొడుకూ వచ్చి చేరాడు. చివరికి లండన్ బేకర్ స్ట్రీట్‌లో స్థిరపడ్డాక కూడా గుమ్మం దగ్గర కూర్చుని డబ్బులు తనే వసూలు చేసేది.

1842లో, ఎనభై ఏళ్లు దాటాక, తన బొమ్మ తనే చేసుకుంది. నల్లటి గౌను, తలకు టోపీ, కళ్లజోడు, చిన్నపాటి మనిషి. ఎక్కడా అందం కోసం దిద్దుకోలేదు. నన్నడిగితే ఆ మ్యూజియంలో ముందు చూడాల్సింది అదే. 1850లో ఆమె కన్నుమూసింది.

1884లో మనవడు మ్యూజియాన్ని మేరిల్‌బోన్ రోడ్డులోని సొంత భవనానికి మార్చాడు. ఖర్చు తలకు మించింది. వాటాదారులు పెరిగారు, కుటుంబంలో పొరపొచ్చాలు వచ్చాయి. 1889 నాటికి వ్యాపారం బయటివాళ్ల చేతికి పోయింది. మునిమనవడు జాన్ థియోడర్ అక్కడే ఉండి బొమ్మలు చేశాడు. యజమాని కావలసినవాడు ఉద్యోగి అయ్యాడు. ఇంకో మునిమనవడు లూయీ బయటికొచ్చి 1890లో సొంత ప్రదర్శన పెడితే, మరుసటి ఏడాదే కాలిపోయింది. అయినా వదల్లేదు. 'లూయీ టుస్సాడ్స్' పేరు సముద్రతీర పట్టణాల్లో నిలబడింది.

అలాంటి పట్టణమే ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్మౌత్. అక్కడ లూయీ పేరుతోనే ఉన్న మ్యూజియాన్ని ఒక జంట యాభై ఏళ్లకు పైగా నడిపి 2012లో మూసేశారు. బొమ్మలకు పోలికల్లేవని జనం నవ్వుకున్నారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంటుంది. ఒక్క తలకే వెంట్రుకలు ఒక్కొక్కటిగా సూదితో గుచ్చాలి. కొత్త స్టార్ వచ్చినప్పుడల్లా కొత్త బొమ్మ చేయడం పెద్ద కంపెనీకి చెల్లుతుంది, ఇద్దరు మనుషుల వల్ల ఎలా అవుతుంది?

లండన్ మ్యూజియంలో పనిచేసిన టుస్సాడ్‌లలో ఆఖరివాడు బెర్నార్డ్. ఆయన 1967లో చనిపోయాడు. ఆ పేరు ఇప్పుడు మెర్లిన్ అనే వినోద సంస్థది.