కాళ్ల గుణింతం

"సముద్రంలో ఎనిమిది కిలోమీటర్ల లోతున నాలుగు సెంటీమీటర్ల రొయ్యలాంటి జీవి దొరికిందట. అది కొత్త జాతి అని ఎలా తేల్చారు? మొహం చూసి గుర్తుపట్టడానికి అదేమైనా మనిషా?" అని ఒక పాఠకుడు అడిగారు. ప్రశ్నలో కాస్త వెటకారం ఉన్నా, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మొహం చూసి కాదండీ, కాళ్లు చూసి తేల్చారు.

ఆయన అడిగింది డల్సిబెల్లా కమన్‌చాకా గురించి. 2023లో అబాతే మోలినా అనే చిలీ పరిశోధక నౌక పసిఫిక్ సముద్రంలో చిలీ తీరానికి ఎదురుగా ఉన్న అటకామా అగాధంలో 7,902 మీటర్ల లోతుకి ఎర పెట్టిన బోనులు దింపింది. ఈ జీవులు నాలుగంటే నాలుగే దొరికాయి. 2024 నవంబరులో జొహానా వెస్టన్, కరోలినా గొంజాలెజ్ ముందుండి నడిపిన బృందం దీని వర్ణనను ప్రచురించింది. ఆండీస్ ప్రాంత ప్రజల భాషల్లో కమన్‌చాకా అంటే చీకటి. జాతి ఒక్కటే కొత్తదైతే ఇంత సందడి ఉండేది కాదు. ప్రజాతి, అంటే దగ్గరి జాతులన్నీ చేరే గుంపు కూడా కొత్తదే. అంటే పేరులో మొదటి మాటే కొత్తగా పుట్టించాల్సి వచ్చింది.

అంత లోతున పీడనం మన దగ్గరి గాలి పీడనానికి దాదాపు 800 రెట్లు. "మరి నలిగిపోదా?" అని అడుగుతారు. ఒంట్లో గాలి సంచులు లేనిదానికి నలగడానికేముంది? చిక్కంతా ప్రోటీన్లతో వస్తుంది, వాటి మడతలు పీడనానికి చెదురుతాయి. దానికి విరుగుడుగా లోతైన నీటి జీవులు ఒంట్లో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని నిల్వ చేసుకుంటాయి. పాడైన సముద్రపు చేప కంపు దీని నుంచే వస్తుంది. లోతు గురించి ఇంతకంటే రాయను. నా ధ్యాసంతా కాళ్ల మీదే ఉంది.

ముందుగా చెప్పాల్సింది, ఇది రొయ్య కాదు, ఆంఫిపాడ్. రొయ్యకి తలనీ రొమ్మునీ కలిపి కప్పే గట్టి చిప్ప ఉంటుంది, దీనికి లేదు. రొయ్య కళ్లు కాడల మీద ఉంటాయి, ఆంఫిపాడ్లకి కాడలుండవు. వీటి శరీరం అటూ ఇటూ నొక్కినట్టు సన్నగా ఉంటుంది. ఆంఫిపాడ్లలో పది వేలకు పైగా జాతులున్నాయి.

కానీ రొయ్యకీ దీనికీ ఒక లెక్క మాత్రం కచ్చితంగా కలుస్తుంది. డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లు రొయ్య ఉపాంగాలు, అంటే ఒంటికి జతలుగా అతికి ఉండే మీసాలూ దవడలూ కాళ్లూ, 19 జతలని బట్టీ పట్టే ఉంటారు. తలకి ఐదు, రొమ్ముకి ఎనిమిది, పొట్టకి ఆరు. ప్రాక్టికల్ పరీక్షలో వాటిని ఒక్కొక్కటిగా పీకి వరసగా అమర్చాలి. నేనూ అమర్చాను. ఒక జత పోగొట్టుకుని పద్దెనిమిదితో సరిపెట్టబోయి దొరికిపోయాను. కానీ ఆ 19 ఎందుకో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బట్టీ పట్టాల్సిన పనే ఉండేది కాదు. ఆంఫిపాడ్‌కీ 19 జతలే, అదే ఐదు, ఎనిమిది, ఆరు. రొయ్య తన రొమ్ము మీది ఎనిమిదిలో మూడింటిని నోటి పనికి పెట్టి, ఐదింటిని నడకకి ఉంచుకుంది. ఆంఫిపాడ్ ఒక్కదాన్నే నోటికిచ్చి ఏడింటిని కాళ్లుగా ఉంచుకుంది. పొట్ట మీది ఆరులో రొయ్య ఐదింటిని ఈతకి వాడి చివరి జతని తోక విసనకర్రగా చేసుకుంది. ఆంఫిపాడ్ మూడు ఈతకి, మూడు తన్ని ఎగరడానికి పంచుకుంది. ఇద్దరికీ దక్కిన ఆస్తి ఒకటే, పంపకంలోనే తేడా.

ఈ పంపకం అర్థం కావాలంటే తెలుగు చదువుకున్నవాళ్లకి సులువైన దారి ఒకటుంది, గుణింతం. క, కా, కి, కీ, కు, కూ. అన్నిట్లో ఉన్నది ఒకే 'క'. పైన దీర్ఘమో గుడో పక్కన కొమ్మో చేరి పలుకు మారుతుంది. ఆంఫిపాడ్ కాలు కూడా ఒక మూల అక్షరం. దాంట్లో ఏడు ఖండాలు. ఒంటి దగ్గర నుంచి వరసగా కాక్సా, బేసిస్, ఇస్కియం, మీరస్, కార్పస్, ప్రోపోడస్, డాక్టిలస్. పేర్లు మర్చిపోయినా ఫర్వాలేదు, ఆరోదీ ఏడోదీ మాత్రం గుర్తుంచుకోండి. ఏ కాలు చూసినా ఖండాలు ఏడే. ఒకచోట ఒక ఖండం సాగుతుంది, ఇంకోచోట ఉబ్బుతుంది, మరోచోట పలకలా వెడల్పవుతుంది. ఖండాల వరస మాత్రం చెదరదు.

ఏడు జతల కాళ్లు, ఒక్కో కాలికి ఏడు ఖండాలు అనగానే కొందరికి సప్తఋషులు గుర్తొస్తారు, ఇందులో ఏదో మహిమ ఉందంటారు. ఆ ముచ్చట ఎక్కువసేపు నిలవదు. రొమ్ముకి అసలు ఉన్నది ఎనిమిది జతలు. ఎనిమిదోది నోటి కింద దాక్కుని ఉంది, లెక్కపెట్టినవాళ్లు అక్కడ చూడలేదంతే.

ఇప్పుడు గుణింతం చదువుదాం. ఏడు జతల్లో మొదటి రెండింటినీ నాతోపాడ్‌లంటారు, గ్రీకులో దవడకాళ్లని అర్థం. నోటి కింద దాక్కున్న జత పేరు మాక్సిల్లిపెడ్, లాటిన్‌లో దానికీ దవడకాలనే అర్థం. పేర్లు పెట్టినవాళ్లకి రెండు ప్రాచీన భాషలు వచ్చిన పాపానికి విద్యార్థులు ఇప్పటికీ తడబడుతున్నారు. నాతోపాడ్‌లో గుణింతపు గుర్తు ఆరో ఖండం మీద పడుతుంది. అది ఉబ్బి గుండ్రటి పిడికిలవుతుంది. ఏడో ఖండం వంకర గోరై దాని మీదికి మడుచుకుంటుంది. పీత డెక్కకీ దీనికీ తేడా ఇక్కడే. పీతలో ఆరో ఖండమే ఒక వేలులా ముందుకి పొడుచుకొస్తుంది, ఏడోది దానికెదురుగా కదులుతుంది, అది పట్టకారు. ఆంఫిపాడ్‌ది మడత చాకు. మీ చేతివేళ్లని అరచేతిలోకి మడవండి, అదే కదలిక. గోరు వచ్చి ఆనుకునే అంచుని శాస్త్రవేత్తలు కూడా అరచెయ్యి అనే పిలుస్తారు.

ఆ ఖండం ఎందుకు ఉబ్బాలో చూడండి. మనకి ఎముక లోపల, కండ బయట. వీటికి పెంకు బయట, కండ లోపల. మనం కసరత్తు చేస్తే కండ పెరిగి చర్మం సాగుతుంది. వీటికి ఆ వెసులుబాటు లేదు. గొట్టంలో ఎంత చోటుంటే కండ అంతే. గోరుని మూసే కండ ఆరో ఖండంలో ఉంటుంది కాబట్టి, ఆ ఖండం బయటి కొలత చూస్తే లోపలి కండ ఎంతో తెలిసిపోతుంది. అక్కడ రెండు కండలుంటాయి. మూసేది పెద్దది, తెరిచేది చిన్నది. పట్టడానికి బలం కావాలిగానీ వదలడానికెందుకు? ఇక గోరు పొడవు. కత్తెరతో గట్టి వస్తువుని కత్తిరించేటప్పుడు దాన్ని మేకు దగ్గరికి జరుపుతాం, మొన దగ్గర బలం చాలదు. పొడవాటి గోరు మొన వేగంగా దూసుకొస్తుంది, కానీ నొక్కలేదు. పొట్టి గోరు నెమ్మది, అయితే నలిపేస్తుంది. అరచేతి అంచు వాలుగా ఉందా, నిలువుగా ఉందా, దాని మీద ముళ్లెన్ని, అవి ఏ వైపుకి వాలి ఉన్నాయి అన్నవి చూస్తే అది దేన్ని పట్టడానికో ఊహించవచ్చు. ఇవన్నీ వర్ణనలో ఒక్కొక్క వాక్యంగా పొడిపొడిగా రాసి ఉంటాయి. చదవడం వచ్చినవాళ్లకి ఆ వాక్యాల్లో ఒక వేట కనిపిస్తుంది.

డల్సిబెల్లా విషయంలో జరిగిందదే. దాన్ని బతికుండగా వేటాడుతుంటే చూసినవాళ్లు లేరు, చేతికి వచ్చినవి నాలుగు నమూనాలు. కానీ దాని ముందు రెండు జతలూ బతికున్న జీవిని ఒడిసిపట్టే కాళ్లు. లోతైన అగాధాల్లో ఎర పెడితే మామూలుగా గుంపులుగా వచ్చేవి పీనుగులు తినే ఆంఫిపాడ్లు. పైనుంచి రాలిపడే కళేబరాలే వాటి తిండి. వాటికి పదునైన దవడలూ పెద్ద పొట్టా ఉంటే చాలు, చచ్చిన చేప పారిపోదు కదా. చిన్న ఆంఫిపాడ్లని వెంటాడి పట్టే పెద్ద ఆంఫిపాడ్ ఇంత లోతున దొరకడం ఇదే మొదలు. నా అనుమానం ఏమిటంటే, అది బోనులోకి ఎర కోసం వచ్చి ఉండదు, ఎర కోసం వచ్చినవాటి కోసం వచ్చి ఉంటుంది.

మూడో, నాలుగో జతల కాళ్లు సన్నగా ఒక వైపుకి, ఐదు నుంచి ఏడు దాకా అందుకు ఎదురు వైపుకి మళ్లి ఉంటాయి. ఆంఫి అంటే రెండు వైపులా అని. 1816లో లాట్రే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ వర్గానికి పెట్టిన పేరు ఆ తేడాని పట్టుకునే. కాళ్ల మొదట్లోని కాక్సా పలకలా దిగి ఒంటికి రెండు వైపులా దడి కడుతుంది. ఆ దడి లోపలి పక్కన మొప్పలు వేలాడతాయి. పొట్ట కింద ఈత కాళ్లు కొట్టుకుంటూ ఆ సందులోంచి నీటిని లాగుతుంటాయి. ఆడదానికి అక్కడే ఇంకో పలకల వరస పెరిగి పిల్లల సంచి తయారవుతుంది. గుడ్లు అందులోనే పొదిగి, పిల్లలు బుల్లి పెద్దవాళ్లలా బయటికి వస్తాయి. ఊపిరీ పురుడూ కాళ్ల దగ్గరే. నీళ్లలో కొట్టుకుపోయే డింభక దశ లేదు కాబట్టి పిల్లలు తల్లి ఉన్న అగాధం దాటి దూరం పోవడం కష్టం. ఒక్కో అగాధంలో అక్కడికే పరిమితమైన జాతులు దొరకడానికి ఇదొక కారణం.

నోటి దగ్గరికొస్తే గుణింతం చాలదు, వత్తులు కావాలి. 'త' అక్షరాన్నీ దాని వత్తునీ పక్కపక్కన పెట్టి చూడండి. తెలియనివాళ్లకి చెబితే ఒకటే అని నమ్మరు. 'మ' వత్తు, 'ల' వత్తు కూడా అంతే. ముడుచుకుని, కిందికి చేరి, రూపు మార్చుకుంటాయి. దవడ కూడా అలాంటి కాలే. మొదలు మాత్రం గట్టిపడి, ఒక అంచు కోసే పన్నై, ఇంకో అంచు నలిపే పన్నై, మిగతా కాలంతా చిన్న స్పర్శాంగంగా చిక్కిపోయింది. పైగా ఎడమ దవడా కుడి దవడా అచ్చంగా ఒకేలా ఉండవు, రెండూ గీయాల్సిందే.

"ఇవన్నీ ఒకే కాలు అనడం మీ ఊహ కాదా?" అంటే, కాదు. పార్హయాలే హవాయెన్సిస్ అనే ఇంకో చిన్న ఆంఫిపాడ్ ప్రయోగశాలలో హాయిగా పెరుగుతుంది. ఒంట్లో ఎక్కడ ఏ అవయవం రావాలో నిర్ణయించే జన్యువులని హాక్స్ జన్యువులంటారు. దాని నోటి, ఒంటి భాగాల్లో పనిచేసే అలాంటి ఆరింటిని ఒక్కొక్కటిగా చెడగొట్టి ఏమవుతుందో చూశారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. గుణింతపు గుర్తుని రబ్బరుతో చెరిపేసినట్టే ఉంటుంది. అబ్డామినల్-బి తీసేస్తే పొట్ట మీద రొమ్ము కాళ్లు మొలిచాయి. అల్ట్రాబైథొరాక్స్ తీసేస్తే నడక కాళ్లు ఉండాల్సిన చోట మడత చాకులొచ్చాయి, మొప్పలు పోయాయి. అబ్డామినల్-ఎ తీసేస్తే వెనక్కి మళ్లిన కాళ్ల ప్రత్యేకత పోయింది, ఆంఫి అనే మాటకే అర్థం లేకుండా పోయింది. నోటి దగ్గరి రెండు జన్యువులు లేకపోతే నోటి భాగాలు మీసాల దారి పడతాయి. కొత్త అవయవం ఏదీ పుట్టలేదు, ఉన్న గుణింతంలోని అక్షరాలే ఒకదాని చోట ఒకటి వచ్చాయి. నా పోలిక ఒకచోట మాత్రం తప్పుతుంది. కాగితం మీద 'కి' రాసినప్పుడు ముందు క, తరవాత గుడి. పిండంలో అలా ముందు మామూలు కాలు మొలిచి తరవాత గుర్తు చేరదు. ఎక్కడ ఏ అక్షరమో కాలు మొగ్గ వేసేనాటికే చాలావరకు నిర్ణయమై ఉంటుంది.

అయితే కాళ్లని మరీ గుడ్డిగా నమ్మినా మోసపోతాం. యూరిథెనిస్ గ్రిల్లస్ అనే ఆంఫిపాడ్ ప్రపంచ సముద్రాలన్నిట్లో ఉందని చాలా కాలం అనుకున్నారు. డీఎన్‌ఏ చదివితే ఒకే పేరు కింద చాలా జాతులు కలిసిపోయి ఉన్నాయని తేలింది. అదే ప్రజాతిలో 2020లో మరియానా అగాధం నుంచి వర్ణించిన ఒకదానికి ప్లాస్టికస్ అని పేరు పెట్టారు, దాని పేగులో ప్లాస్టిక్ పోగు దొరికింది మరి. అందుకే డల్సిబెల్లాకి కాళ్లతో పాటు డీఎన్‌ఏ కూడా చూశారు. రెండు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పాకే కొత్త ప్రజాతి అన్నారు.

ఇక ఆ పాఠకుడి అనుమానానికి నేరుగా జవాబు. ఆంఫిపాడ్ జాతిని వర్ణించేవాళ్లు మామూలుగా సూక్ష్మదర్శిని కింద సన్నటి సూదులతో ఒక వైపు కాళ్లని ఒక్కొక్కటిగా విడదీస్తారు. గాజు పలక మీద పెట్టి ప్రతి ముల్లునీ, నూగునీ లెక్కపెట్టి బొమ్మ గీస్తారు. పేరుకి ఆధారంగా ఒక నమూనాని ఎంచుకుంటారు, దాన్ని హోలోటైప్ అంటారు. దాన్ని ద్రవంలో నిల్వ చేసి మ్యూజియంలో భద్రపరుస్తారు. రెండో వైపు కాళ్లని మాత్రం వీలైనంతవరకు కదపకుండా వదిలేస్తారు, రేపు ఎవరికైనా ఇలాంటి అనుమానమే వస్తే సీసా మూత తీసి వాళ్లే లెక్కపెట్టుకోవడానికి.