చెరిపినా తిరిగొచ్చే చెక్ ఇంజిన్ లైటు

కారు పాతబడ్డాక చాలామందికి ఎదురయ్యే తంతు ఇది. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ గుర్తు వెలుగుతుంది. మెకానిక్ స్కానర్ తగిలించి, లోపాన్ని సూచించే కోడ్‌ను కారు కంప్యూటర్ నుంచి చెరిపేస్తాడు. నాలుగు రోజులు గడవకముందే అదే లైటు మళ్లీ ప్రత్యక్షం. ఈసారి సెన్సార్ మార్చమంటారు. మార్చినా ఫలితం ఉండదు. అసలు ఈ లైటును ఎందుకు పెట్టారో తెలుసుకుంటే, అది పదేపదే ఎందుకు వస్తుందో అర్థమవుతుంది.

దీని మూలాలు లాస్ ఏంజెలిస్ గాలిలో ఉన్నాయి. 1940లలో ఆ నగరాన్ని కళ్లు మండించే పొగమంచు కమ్మేసింది. వాహనాలు, పరిశ్రమలు వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరిపి ఓజోన్‌ను పుట్టించడమే దానికి కారణమని శాస్త్రవేత్త ఆరీ హాగన్‌స్మిట్ 1950ల మొదట్లో తేల్చారు. 1975 మోడళ్ల నుంచి అమెరికా కార్లలో పొగలోని హానికర వాయువులను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు విరివిగా వచ్చాయి. అయితే కన్వర్టర్ పాడైనా చాలాసార్లు కారు మామూలుగానే నడుస్తుంది, యజమానికి ఏమీ తెలియదు. అందుకే ఇంజిన్ కంప్యూటరే కాపలా కాయాలని కాలిఫోర్నియా 1988 మోడళ్ల నుంచి నిబంధన పెట్టింది. అప్పట్లో ఒక్కో కంపెనీది ఒక్కో కోడ్, ఒక్కో సాకెట్. 1996కల్లా అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఒకే 16 పిన్నుల సాకెట్, ఉమ్మడి కోడ్‌లు వచ్చాయి. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్4 కాలుష్య ప్రమాణాలతో పాటు ఈ ఏర్పాటు తొలి దశ మొదలైంది, 2013లో రెండో దశ వచ్చింది. ఇప్పుడు మనం పాత కార్లంటున్న వాటిలో చాలా భాగం ఆ కాలానివే.

అంటే ఈ లైటు ప్రధానంగా పొగను కాపలా కాయడానికి వచ్చింది. ఏ కొలత గాడి తప్పిందో చెబుతుంది, ఎందుకు తప్పిందో చెప్పదు. పాత కార్లలో తరచూ కనిపించే పి0420 కోడ్‌నే తీసుకోండి. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సార్లుంటాయి. ముందు సెన్సార్ వోల్టేజీ సాధారణంగా 0.1, 0.9 మధ్య ఊగుతుంటే, వెనకది నిలకడగా ఉండాలి. వెనకదీ ఊగిందంటే కన్వర్టర్ ఆక్సిజన్‌ను నిల్వ చేసుకోలేకపోతోందని కంప్యూటర్ అనుమానిస్తుంది. సైలెన్సర్ గొట్టం చిల్లు పడినా ఇదే కోడ్ రావచ్చు. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) వల్ల కాలని పెట్రోలు కన్వర్టర్‌ను కాల్చేసి ఉండవచ్చు. ఆ మూలం సరిచేయకుండా కొత్త కన్వర్టర్ వేయిస్తే వేలకు వేలు పోసి కొన్నదీ కాలిపోతుంది.

పి0171 కోడ్‌ది కూడా ఇదే తీరు. గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అని దాని అర్థం. ఆ మాట మోసుకొచ్చిన సెన్సార్‌ను మార్చేస్తారు, పగిలిన వాక్యూమ్ గొట్టాన్ని వదిలేస్తారు. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత సర్దుబాటు చేస్తోందో చూస్తే తేడా తెలుస్తుంది. ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) ఎక్కువగా ఉండి, యాక్సిలరేటర్ తొక్కగానే తగ్గితే ఎక్కడో గాలి లీకవుతోందని అనుమానించాలి. లోడ్‌తో (ఇంజిన్‌పై భారంతో) పాటు పెరిగితే పెట్రోలు పంపు, ఫిల్టర్ చూడాలి.

కోడ్ చెరపడంలోని అసలు నష్టం ఇక్కడే ఉంది. లోపం తలెత్తిన క్షణాన ఇంజిన్ వేగం, వేడి, లోడ్ ఎంతో కంప్యూటర్ దాచుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా కోడ్‌తో పాటే పోతుంది. చాలా లోపాలకు వరుసగా రెండు ప్రయాణాల్లో పట్టుబడితేనే లైటు వెలుగుతుంది కాబట్టి, చెరిపాక దొరికే ఆ కాస్త విరామాన్నే బాగైందనుకుంటాం.

కాలిఫోర్నియాలో పాత కారు అమ్మజూపిన తెలుగువారికి ఈ సంగతి బాగా తెలుసు. అక్కడి స్మాగ్ (వాహన కాలుష్య) తనిఖీలో 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్ల కంప్యూటర్లనే చదువుతారు. బ్యాటరీ తీగ పీకి లైటు ఆర్పేసి వెళితే, స్వీయ పరీక్షలు పూర్తికాలేదని తిప్పి పంపుతారు. మన పొల్యూషన్ సర్టిఫికెట్ కేంద్రంలో సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ కొలుస్తారే గానీ కోడ్‌లు చూడరు. ఇది పెద్ద లోటని నా అభిప్రాయం. అడిగేవారు లేకపోవడంతో చెరిపివేతే మరమ్మతుగా చలామణి అవుతోంది.

ఈసారి లైటు వెలిగితే, చెరిపే ముందు కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్‌ను కూడా ఫొటో తీసి ఇవ్వమని మెకానిక్‌ను అడగండి. లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం మిస్‌ఫైర్ తీవ్రంగా ఉందని అర్థం. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా బండి పక్కన ఆపేయండి.