సిజేరియన్ కుట్టులో గర్భం: అపోహలు – వాస్తవాలు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. పాత సిజేరియన్ కోసినచోట, గర్భసంచి గోడ మీది కుట్టు మచ్చలో కొత్త గర్భం నిలవడం అరుదే అయినా, ఇన్ని కుట్లున్న చోట దీని గురించి తెలిసి ఉండాలి.

అపోహ: స్కాన్‌లో గర్భం గర్భసంచిలోనే ఉందంటే భయం లేదు.
వాస్తవం: కుట్టు ఉన్నదీ సంచి గోడలోనే. సిజేరియన్ అయినవారికి 6–7 వారాల్లో యోని ద్వారా చేసే టీవీఎస్ స్కాన్ అవసరం. సంచి పైభాగం, ముఖద్వారం ఖాళీగా ఉండి, పిండం ఉండే తిత్తి ముందు గోడలో కుట్టు దగ్గర ఉంటే అనుమానించాలి. తిత్తికీ మూత్రాశయానికీ మధ్య కండరం 1–3 మి.మీ. మాత్రమే ఉండటం లేదా అసలు లేకపోవడం, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో చుట్టూ రక్తప్రసరణ ఎక్కువగా కనబడటం అనుమానాన్ని బలపరుస్తాయి. వారాలు గడిస్తే తిత్తి పైకి పెరిగి మామూలు గర్భంలా కనిపిస్తుంది. మాయ (ప్లాసెంటా) మాత్రం కుట్టులోనే పాతుకుపోతుంది. అందుకే ‘తిత్తి కాస్త కింద ఉంది’ అని రాసి వదిలేసిన రిపోర్టుతో ఊరుకోకూడదు.

అపోహ: మెడికల్ షాపులో దొరికే గర్భస్రావం మాత్రలు వేసుకుంటే, లేదా డీ అండ్ సీ (సంచిని గీకి శుభ్రం చేయడం) చేస్తే పోతుంది.
వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. మామూలుగా తిత్తి ఊడాక కండరం బిగుసుకుని రక్తనాళాలను నొక్కేస్తుంది. కుట్టులో ఉన్నది పీచు కణజాలం, అది బిగుసుకోదు. క్యూరెట్ అనే గీకే పరికరంతో గీకితే పలచని గోడ చిరగవచ్చు, రక్తం ధారగా పోవచ్చు.

అపోహ: గర్భం పెరుగుదలను ఆపే మెథోట్రెక్సేట్ మందు ఇంజెక్షన్ ఒకటి కండకు వేస్తే చాలు.
వాస్తవం: అదొక్కటే చికిత్సగా వద్దని అమెరికాలోని సొసైటీ ఫర్ మెటర్నల్ ఫీటల్ మెడిసిన్ సూచించింది. మందుతోనే చేయాలనుకుంటే స్కాన్‌లో చూస్తూ సన్నటి సూదితో తిత్తిలోకే, సాధారణంగా 50 మి.గ్రా., ఎక్కిస్తారు. గుండె కొట్టుకుంటుంటే దాన్ని ఆపడానికి పొటాషియం క్లోరైడ్ కూడా వాడతారు. ముందుగా రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు చూడాలి. ఫోలిక్ యాసిడ్ ఆపాలి. తర్వాత వారం వారం రక్తంలో బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోను) చూస్తారు. మొదట్లో అది పెరిగినా కంగారు పడక్కర్లేదు. కుట్టు దగ్గర మిగిలిన గడ్డ మాత్రం నెలల తరబడి స్కాన్‌లో కనిపించవచ్చు. ఈలోగా ఎప్పుడైనా బ్లీడింగ్ మొదలవ్వచ్చు కాబట్టి ఆసుపత్రికి దూరంగా ఉండకపోవడం మంచిది.

తిత్తి సంచి లోపలి వైపు పెరుగుతుంటే, త్వరగా గుర్తిస్తే, స్కాన్‌లో చూస్తూ సక్షన్ (గొట్టంతో పీల్చి తీయడం) చేయవచ్చు. రక్తం ఆగకపోతే ఫోలీ గొట్టం చివరి బెలూన్‌ను సంచిలో ఉబ్బించి కుట్టు మీద ఒత్తిడి పెడతారు. మూత్రాశయం వైపు ఉబ్బి, కండరం బాగా పలచబడితే లాపరోస్కోపీతోనో, పొట్ట కోసో తిత్తిని కుట్టుతో సహా తీసి గోడను మళ్లీ కుడతారు. ఏ పద్ధతికైనా సరిపోయే రక్తం ముందే సిద్ధంగా ఉండాలి.

అపోహ: గుండె కొట్టుకుంటోందిగా, కొనసాగించవచ్చు.
వాస్తవం: బిడ్డ బతికి పుట్టిన సందర్భాలున్నాయి. కానీ మాయ గోడలోకి చొచ్చుకుపోయి గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. అన్నీ తెలిసి కొనసాగిస్తే, బ్లడ్ బ్యాంకు, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రిలో 34–35 వారాల మధ్య సిజేరియన్‌కు సిద్ధపడాలి.

అపోహ: ఇక పిల్లలు పుట్టరు.
వాస్తవం: పుడతారు. మెథోట్రెక్సేట్ వాడితే కనీసం 3 నెలలు ఆగాలి. ఇది మళ్లీ రావచ్చు కనుక తర్వాతి గర్భంలో నెల తప్పగానే, 5–6 వారాల్లోనే స్కాన్ చేయించాలి. రక్తం గ్రూపు నెగెటివ్ అయినవారికి తర్వాతి గర్భంలో బిడ్డకు రక్తం గ్రూపు సమస్య రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అన్నది డిశ్చార్జికి ముందే తేల్చుకోవాలి.