పలువురి కళ్లతో సాగే ఎపిక్ ఫాంటసీ నవల: అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో కళాశాల విద్యార్థుల చేత పెద్ద నవలలు చదివించి, వాటిపై చర్చలు నడిపే పని నాది. ఎపిక్ ఫాంటసీ, అంటే కల్పిత లోకంలో సాగే పెద్ద వీరగాథ, చేతిలోకి తీసుకున్నవారిలో పుస్తకం లావుకు జంకనివారు కూడా, అధ్యాయం మారగానే కథను చూసే మనిషి మారిపోవడంతో తడబడి, వంద పేజీలు దాటకముందే చదవడం మానేస్తారు. అందుకు కారణమయ్యే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఒకే కథను పలువురి వైపు నుంచి చెప్పడం పాశ్చాత్య పద్ధతి, మన చదువరులకు అలవాటు లేనిది.

వాస్తవం: మహాభారతాన్ని నైమిశారణ్యంలో శౌనకాది మునులకు ఉగ్రశ్రవసుడు చెబుతాడు. అతడు చెప్పేది జనమేజయుడికి వైశంపాయనుడు వినిపించిన కథ, ఆ కథలోని కురుక్షేత్ర యుద్ధం ధృతరాష్ట్రుడికి సంజయుడు వినిపించినది. శుకుడు చెప్పగా పరీక్షిత్తు విన్న భాగవతాన్ని తెలుగు చేసిన పోతన ఊరు బమ్మెర మనకు ఎంతో దూరం లేదు. అయితే ఒక తేడా ఉంది. సంజయుడికి వ్యాసుడు దివ్యదృష్టి ఇచ్చాడు కనుక రణరంగమంతా అతనికి కనిపిస్తుంది. ఈ తరహా ఆధునిక నవలలో ప్రతి అధ్యాయం ఒక్క మనిషి మనసుకే కట్టుబడి ఉంటుంది, పక్క గదిలో జరిగేది ఆ మనిషికి తెలియకపోతే పాఠకుడికీ తెలియదు. చదవడంలోని కష్టమూ, రుచీ రెండూ ఇక్కడే ఉన్నాయి.

అపోహ: నచ్చిన పాత్ర అధ్యాయాలు చదివి, మిగిలినవి దాటేయవచ్చు.

వాస్తవం: ముట్టడిలో ఉన్న కోటలో దళపతి సాయం కోసం ఎదురుచూస్తున్నాడనుకుందాం. సాయం కోరుతూ వెళ్లిన వార్తాహరుడు దారిలోనే హతుడైనట్టు, అంతకు ముందరి అధ్యాయంలో ఒక పశువుల కాపరి కళ్లతో మనం చూశామనుకుందాం. అప్పుడు దళపతి తన సైనికులకు చెప్పే ప్రతి ధైర్యవచనం మన గుండెను పిండుతుంది. కాపరి అధ్యాయాన్ని వదిలేసిన పాఠకుడికి అవే మాటలు మామూలు వీరాలాపాలుగా మిగులుతాయి. ఒక పాత్రకు తెలిసినదానికీ మనకు తెలిసినదానికీ నడుమ ఉన్న ఎడంలోనే ఈ నవలల ఉత్కంఠ అంతా పుడుతుంది.

అపోహ: పాత్ర చూసినట్టు రాసి ఉంటే అది జరిగినట్టే లెక్క.

వాస్తవం: చదువరులను అన్నిటికంటే ఎక్కువగా దారి తప్పించే అపోహ ఇదే. ‘అతడు’, ‘ఆమె’ అని రాసినంత మాత్రాన అది రచయిత సాక్ష్యం కాదు, ఆ పాత్ర భయాలూ అభిమానాలూ వడకట్టి ఇచ్చిన సాక్ష్యం. ఓరుగల్లు వాళ్లం కనుక ఇది మనకు సులభంగా అర్థం కావాలి. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సేనలకు ఓరుగల్లు కోట వశమైన తరువాత కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి అంతం గురించి ప్రోలయ నాయకుడి విలస శాసనం, బందీగా తీసుకుపోతుండగా నర్మదా తీరంలో మరణించాడని చెబుతుంది. 1423 నాటి రెడ్డి వంశపు రాణి అనితల్లి కలువచేరు శాసనం, ఆ రాజు తన ఇచ్ఛ మేరకే దేవలోకానికి వెళ్లాడంటుంది. ఢిల్లీ చరిత్రకారుడు అఫీఫ్, ఢిల్లీకి తీసుకువెళ్తుండగా దారిలో మరణించాడని రాశాడు. చరిత్ర విద్యార్థి ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఎవరు ఏ కాలంలో ఎవరి పక్షాన నిలిచి చెబుతున్నారని అడుగుతాడు. నవలలో ఒకే విందును గానీ, ఒకే హత్యను గానీ ఇద్దరు భిన్నంగా చూపినప్పుడు పాఠకుడూ అదే ప్రశ్న వేయాలి. అది రచయిత పొరపాటని తేల్చేసి ముందుకు సాగిపోతే, ఎంతో శ్రమతో అల్లిన భాగమే మన చేజారిపోతుంది.

అపోహ: అధ్యాయాల వరుసే కాలక్రమం.

వాస్తవం: అన్నిసార్లూ అలా ఉండదు. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ గ్రంథమాలలో 2005లో వచ్చిన నాలుగో సంపుటమూ, 2011లో వచ్చిన ఐదో సంపుటమూ చాలావరకు ఒకే కాలంలో నడుస్తాయి, పాత్రలను బట్టీ ప్రాంతాలను బట్టీ కథను రెండుగా పంచారు.

అపోహ: పటాలు, వంశవృక్షాలు కంఠస్థం చేశాకే మొదలుపెట్టాలి.

వాస్తవం: అవసరం లేదు. ముఖ్యమైన పేర్లు పదేపదే వస్తాయి కనుక అవే గుర్తుండిపోతాయి. ఒక్కో అధ్యాయం ముగిశాక ఇది ఎవరి చూపు, ఈ మనిషికి కొత్తగా ఏం తెలిసింది, ఇంకా ఏం తెలియదు అన్న మూడు సంగతులను నోటుబుక్కులో తలా ఒక వాక్యంగా రాసుకోమని మా విద్యార్థులకు చెబుతాను. పేర్లు మరీ తికమకపెడితే పుస్తకం చివరి అనుబంధం చూడవచ్చు. అయితే చేతిలో ఉన్న సంపుటానిదే చూడాలి, ఎందుకంటే తరువాతి సంపుటం అనుబంధంలో మీరింకా చదవని మరణాలు నమోదై ఉంటాయి.